పిల్లలు పూర్తిచేసిన బొమ్మలు

చిన్నతనంలో ఎంతో ఇష్టంగా చూసిన కార్టూన్లను పెద్దయ్యాక మళ్ళీ చూసినవారిలో చాలామందికి ఒకే తీరు నిరుత్సాహం ఎదురవుతుంది. గుర్తున్నంత వేగం ఆ బొమ్మల్లో కనిపించదు. గుర్తున్నంత విశాలమైన అడవి గానీ కోట గానీ తెర మీద ఉండదు. పరుగెత్తే పాత్ర వెనుక నుంచి అదే చెట్టు, అదే కిటికీ మళ్ళీ మళ్ళీ వెళ్ళిపోతుంటాయి. వయసు పెరిగింది కనుక రుచి పోయిందని సాధారణంగా చెప్పుకొనే సమాధానం దీనికి కొంతవరకే సరిపోతుంది, ఎందుకంటే అదే వయసులో విన్న కథలు, పాటలు అందరికీ అలా వెలవెలబోవు, కార్టూన్లలోనూ అన్నీ ఒకే మోతాదులో నిరాశపరచవు. ఏ కార్టూన్ ఎవరి డబ్బుతో, ఎంత గడువులో, ఎన్ని బొమ్మలతో తయారైందో పరిశీలిస్తే ఈ నిరాశకు మూలం చూసేవారి మనసులో కంటే ఎక్కువగా ఆ వృత్తి చరిత్రలోనే దొరుకుతుంది. టెలివిజన్ కోసం కార్టూన్లు గీసే వృత్తి తన పనిలో పెద్ద భాగాన్ని గీయకుండా వదిలివేయడం నేర్చుకున్నది. అలా వదిలిన భాగాన్ని చూసే పిల్లలే తమ ఊహతో పూరించారు.

గతం మీది మమకారాన్ని సూచించడానికి నేడు వాడుకలో ఉన్న ‘నాస్టాల్జియా’ అనే మాట మొదట ఒక జబ్బు పేరు. 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విస్ వైద్య విద్యార్థి బాసెల్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో, పరదేశాల్లో ఉంటున్న తన దేశస్థులకు ఇంటి మీది ధ్యాసతో వచ్చే అనారోగ్యాన్ని వర్ణిస్తూ, ఇంటికి తిరిగి రావడం, బాధ అనే అర్థాలున్న రెండు గ్రీకు పదాలను కలిపి ఈ మాటను కల్పించాడు. తెలుగులో ‘బెంగ’ అనే మాట ఈ తొలి అర్థానికి బాగా దగ్గరది. బెంగ పెట్టుకున్న పిల్లవాడికి జ్వరం వస్తుందనీ, వాడిని ఇంటికి తీసుకువెళితే తగ్గుతుందనీ తెలుగువారు ఇప్పటికీ అంటారు. హోఫర్ ఎరిగిన జబ్బుకు ఇల్లు చేరడమే మందు, ఎందుకంటే ఆ ఇల్లు వదిలివచ్చిన చోటే ఉండేది. కాలక్రమంలో ఈ మాట చోటు మీది బెంగ నుంచి కాలం మీది బెంగగా మారిన తర్వాత ఆ మందు పనిచేయడం మానివేసింది. అయితే కార్టూన్ విషయంలో మాత్రం తిరిగి వెళ్ళడం సాధ్యమేనన్న నమ్మకం కలుగుతుంది, ఎందుకంటే ఫిల్మ్ మారదు, నలభై ఏళ్ళ నాటి భాగాన్ని యథాతథంగా మళ్ళీ చూడవచ్చు. ఆ మారని వస్తువు ఎదుట నిలిచినప్పుడే గుర్తున్నదానికీ ఉన్నదానికీ గల తేడా బయటపడుతుంది.

ఈ తేడాకు కారణం తెలియాలంటే కదిలే బొమ్మ ఎలా తయారవుతుందో ముందు తెలియాలి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 నిశ్చల చిత్రాలు, తెర మీద పడతాయి. ఏడు నిమిషాల కార్టూన్‌కు 10,080 ఫ్రేములు అవసరం. ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుకున్నా, ఎడతెగకుండా కదిలే ఒక్క పాత్రకే 5 వేలకు పైగా బొమ్మలు కావాలి. ప్రధాన చిత్రకారుడు కదలికలోని ముఖ్యమైన భంగిమలను గీస్తే, సహాయకులు వాటి నడుమ రావలసిన బొమ్మలను పూర్తిచేసేవారు. వాటిని సెల్ అని పిలిచే పారదర్శకమైన రేకుల మీదికి ఎత్తి, రంగులు వేసి, కింద నేపథ్య చిత్రాన్ని ఉంచి, ఒక్కొక్క ఫ్రేముగా కెమెరాతో తీసేవారు. సెల్ వాడకానికి 1914లో అమెరికాలో ఎర్ల్ హర్డ్ పేటెంటుకు దరఖాస్తు చేశాడు. కదలని నేపథ్యాన్ని ప్రతిసారీ మళ్ళీ గీయవలసిన అవసరం దీనితో తప్పింది కనుక, శ్రమను తగ్గించే ఆలోచన ఈ వృత్తిలో తొలినాళ్ళ నుంచీ ఉన్నదనే చెప్పాలి.

ఈ పద్ధతి అత్యున్నత స్థాయిలో సాగిన చోట్లలో ఎం.జి.ఎం. స్టూడియో ఒకటి. విలియం హానా, జోసెఫ్ బార్బెరా అక్కడ నిర్మించిన 114 టామ్ అండ్ జెర్రీ లఘుచిత్రాలు 1940 నుంచి 1958 వరకు విడుదల కాగా, వాటిలో ఏడింటికి ఆస్కార్ పురస్కారం లభించింది. ఒక్కొక్క చిత్రానికి పదుల వేల డాలర్లు ఖర్చయ్యేవి. తయారీకి నెలల తరబడి కాలం పట్టేది. ప్రతి అడుగుకూ ప్రతి దెబ్బకూ తగినట్టు స్కాట్ బ్రాడ్లీ వాద్యబృందంతో సంగీతం సమకూర్చేవాడు. ఈ చిత్రాలు పిల్లలకే ప్రత్యేకించినవి కావు. సినిమా హాలులో అసలు చిత్రానికి ముందు అన్ని వయసులవారూ కలిసి చూడడానికి ఉద్దేశించినవి. ఈనాడు వాటిని మళ్ళీ చూసే పెద్దలకు పిల్లి పరుగులోని బరువు, ఎలుక చూపులోని కొంటెతనం ఇప్పటికీ నిలిచి ఉండడానికి కారణం ఇదే: అక్కడ చూడదగినదంతా నిజంగానే గీసి ఉంది.

1957లో ఎం.జి.ఎం. తన కార్టూన్ విభాగాన్ని మూసివేసింది. హాళ్ళలో లఘుచిత్రాలకు ఆదాయం తగ్గి, పాత చిత్రాలను తిరిగి విడుదల చేసినా సరిపోతున్నందున కొత్తవాటి మీద పెట్టుబడి దండగగా కనిపించిన కాలమది. పని పోయిన హానా, బార్బెరా అదే ఏడాది సొంత సంస్థ స్థాపించి టెలివిజన్ వైపు తిరిగారు, కాని టెలివిజన్ ఐదు నిమిషాల కార్టూన్‌కు ఇవ్వజూపినది 3 వేల డాలర్ల లోపే. ఆ డబ్బుతో బొమ్మ కదలాలంటే బొమ్మల సంఖ్య తగ్గాలి. ఈ అవసరం నుంచి ‘పరిమిత యానిమేషన్’ టెలివిజన్ వృత్తిపద్ధతిగా స్థిరపడింది. ఇందులో పాత్రను ఒక్క బొమ్మగా గాక విడి భాగాలుగా గీస్తారు. మాట్లాడేటప్పుడు మొండెం ఉన్న సెల్‌ను కదపకుండా నోరు, కనురెప్పలు, ఒక చేయి మాత్రమే మారుస్తారు. నడకకు ఒక వరుస బొమ్మలు గీసి వాటినే తిప్పితిప్పి వాడతారు. పొడవైన నేపథ్యపు పట్టీని పాత్ర వెనుక జరుపుతూ దాని చివర మొదటికి కలిసేలా చూసుకుంటారు. యోగీ బేర్ వంటి జంతుపాత్రలకు ఒంటి మీద చొక్కా లేకపోయినా మెడకు కాలరు, టై ఉండడం అలంకారం కోసం మాత్రమే కాదు. తలను ఒక సెల్ మీద, మొండేన్ని మరొక సెల్ మీద గీసినప్పుడు వాటి అతుకు కనబడకుండా ఆ కాలరు కప్పుతుంది.

తక్కువ గీతలతో బొమ్మ గీయడం స్వతహాగా లోపం కాదని ఇక్కడ గుర్తుంచుకోవాలి. 1941లో డిస్నీ స్టూడియోలో జరిగిన సమ్మె తర్వాత బయటికి వచ్చిన కళాకారుల చేతుల్లో రూపుదిద్దుకున్న యు.పి.ఎ. స్టూడియో, డిస్నీ తరహా వాస్తవికతకు ప్రత్యామ్నాయంగా చదునైన రంగులనూ పొదుపైన కదలికనూ కావాలనే ఎంచుకున్నది. 1950లో వచ్చిన ‘జెరాల్డ్ మెక్‌బోయింగ్ బోయింగ్’ ఆ పద్ధతికి ఆస్కార్‌ను తెచ్చిపెట్టింది. యు.పి.ఎ.లో పొదుపు ఒక సౌందర్య నిర్ణయం. టెలివిజన్‌లో అదే పొదుపు ఒక లెక్కల నిర్ణయం. బొమ్మ తగ్గిన మేరకు గొంతు మీద భారం పెరిగింది కనుక డాస్ బట్లర్, డాన్ మెసిక్ వంటి గాత్ర కళాకారులు ఈ కార్టూన్లకు ప్రాణమయ్యారు. వార్నర్ బ్రదర్స్ కార్టూన్ల దర్శకుడు చక్ జోన్స్ ఈ తరహా కార్యక్రమాలను బొమ్మలున్న రేడియో అన్న అర్థంలో విమర్శించడం అందుకే.

జపాన్‌లోనూ ఇదే కథ మరొక రూపంలో నడిచింది. ఒసాము తెజుకా స్థాపించిన ముషి ప్రొడక్షన్ 1963 జనవరి 1న ‘ఆస్ట్రో బాయ్’ ప్రసారాన్ని ప్రారంభించి, వారానికి ఒక అరగంట భాగాన్ని అందించడానికి సెకనుకు ఎనిమిది బొమ్మలతో సరిపెట్టుకోవడం, ఒకసారి గీసిన బొమ్మలను నిలువచేసి వేరే భాగాల్లో మళ్ళీ వాడడం అలవాటు చేసింది. ఆ నిలువను వారు ‘బ్యాంక్’ అన్నారు. అమెరికాలో 1967లో మొదలైన ‘స్పైడర్‌మ్యాన్’ ధారావాహికలో గీతల శ్రమ తగ్గించడానికి సాలెగూటి నమూనాను ప్రధానంగా ముసుగుకూ చేతి తొడుగులకూ బూట్లకూ పరిమితం చేశారు. తర్వాతి భాగాలకు డబ్బు మరింత తగ్గినప్పుడు ‘రాకెట్ రాబిన్ హుడ్’ అనే వేరే కార్టూన్‌లోని దృశ్యాలను పెద్ద ఎత్తున తెచ్చి, నాయకుడిని మార్చి వాడుకున్నారు. భవనాల మధ్య అదే ఊపు అదే కోణంలో పదేపదే కనబడడం చూసేవారి భ్రమ కాదు. ఆ ఊపుకు గీసిన బొమ్మలు అన్నే.

1980లలో డబ్బు కొరతకు తోడు మరొక ఒత్తిడి చేరింది. మాటెల్ సంస్థ 1982లో విడుదల చేసిన ఆటబొమ్మల ఆధారంగా ఫిల్మేషన్ స్టూడియో 1983 నుంచి ‘హీ-మ్యాన్’ ధారావాహికను 130 భాగాలుగా నిర్మించింది. ఆటవస్తువును అమ్మడానికే కార్యక్రమాన్ని తయారు చేయడం పట్ల అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ 1960ల చివరలో అభ్యంతరం చూపినా, 1980లలో ఆ పట్టు సడలి, 1984లో ప్రకటనల సమయం మీది పరిమితులను కూడా తొలగించింది. 1990లో అమెరికా కాంగ్రెస్ చేసిన బాలల టెలివిజన్ చట్టం ఆ పరిమితులను మళ్ళీ తెచ్చింది. ఫిల్మేషన్ తన పనిని విదేశాలకు పంపకుండా అమెరికాలోనే చేయించాలని పట్టుబట్టిన సంస్థ కనుక, ఖర్చును తట్టుకోవడానికి నిలువ బొమ్మల మీద మరింత ఆధారపడింది. నటుడి కదలికను ముందుగా ఫిల్ముకెక్కించి దాని మీద బొమ్మను దిద్దుకునే ‘రోటోస్కోప్’ పద్ధతిలో పరుగు, గుద్దు, దూకుడు వంటి కొన్ని కదలికలను శ్రద్ధగా గీసి పెట్టుకుని, భాగం తర్వాత భాగంలో వాటినే వాడింది. ప్రతి భాగం చివర వచ్చే నీతిబోధ పిల్లవాడికి ఆత్మీయంగా వినిపించినదే గానీ, ఆటవస్తువుల వ్యాపారం, హింస అనే రెండు విమర్శలకు నిర్మాతలు సిద్ధం చేసుకున్న సమాధానం కూడా అందులో ఉన్నదని పెద్దవారికి ఇప్పుడు తెలిసివస్తుంది.

ఇలా వేర్వేరు దశాబ్దాల్లో, వేర్వేరు దేశాల్లో, వేర్వేరు ఖర్చులతో తయారైన ఈ సరుకంతా భారతదేశపు పిల్లలకు 1980, 1990లలో దూరదర్శన్ ద్వారా ఒకే వరుసలో చేరింది. ‘స్పైడర్‌మ్యాన్’, ‘హీ-మ్యాన్’, డిస్నీ వారి ‘డక్‌టేల్స్’, జపాన్‌కు చెందిన నిప్పాన్ యానిమేషన్ సంస్థ 1989లో నిర్మించిన ‘జంగిల్ బుక్’ ఆ తరానికి ఒకే కుటుంబపు సభ్యులుగా కనిపించాయి. వారానికి ఒక్కసారి, అదీ కరెంటు ఉంటేనే దొరికే అరగంట కార్యక్రమాన్ని మిగిలిన ఆరు రోజులూ పిల్లలు వీధిలో ఆడుకుని, నోట్‌బుక్ అట్టల మీద గీసుకుని పొడిగించుకున్నారు. తెలుగు ఇళ్ళలోని చాలామంది పిల్లలకు హిందీ గానీ ఇంగ్లీషు గానీ పూర్తిగా రాదు కనుక సంభాషణల్లోని ఖాళీలను కూడా తామే నింపుకున్నారు. 625 గీతల ప్రసారాన్ని చూపే చిన్న గాజుతెర, అనేక ఇళ్ళలో నలుపు తెలుపుల్లోనే, సెల్ మీది దుమ్మునూ రంగుల తేడానూ మరుగుపరచింది. అదే ఫిల్మును నేటి పెద్ద తెర మీద స్పష్టంగా చూసినప్పుడు ఆ లోపాలు మొదటిసారిగా కంటబడుతున్నాయి.

‘జంగిల్ బుక్’ ఈ విషయంలో ఎంతో నేర్పే ఉదాహరణ. 52 భాగాల ఆ ధారావాహికను దూరదర్శన్ 1993లో హిందీలో ప్రసారం చేసినప్పుడు, గుల్జార్ రాయగా విశాల్ భరద్వాజ్ స్వరపరచిన ప్రారంభ గీతాన్ని భారతీయ ప్రేక్షకుల కోసం చేర్చారు. షేర్‌ఖాన్‌కు నానా పాటేకర్ గొంతు ఇచ్చాడు. మోగ్లీని తలచుకోగానే ఆ తరానికి ముందుగా గుర్తుకు వచ్చేవి ఆ పాట, ఆ గొంతు. అసలు జపనీస్ రూపాన్ని వెతికి చూసినవారికి ఈ రెండూ అక్కడ దొరకవు. ఆ తరం ప్రేమించిన ‘జంగిల్ బుక్’లో ఒక ముఖ్యమైన పాలు బొంబాయిలో తయారైనదే గనుక, బొమ్మను మాత్రమే తిరిగి సంపాదించుకున్నవారికి జ్ఞాపకంలో సగమే చేతికి వస్తుంది.

జ్ఞాపకం భద్రపరచిన వస్తువును తీసి చూపే పెట్టె కాదని, తలచుకున్న ప్రతిసారీ మనసు దాన్ని తన అవసరాలకు తగినట్టు మళ్ళీ కట్టుకుంటుందని బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో ప్రచురించిన ‘రిమెంబరింగ్’ గ్రంథంలో నిరూపించాడు. తమకు పరిచయం లేని ఒక అమెరికా ఆదివాసీ కథను చదివినవారు, కాలం గడిచిన కొద్దీ దాన్ని తమ లోకానికి అలవాటైన పద్ధతిలో దిద్దుకుంటూ తిరిగి చెప్పారని ఆయన ప్రయోగాలు చూపాయి. పరిమిత యానిమేషన్ ఇటువంటి దిద్దుబాటుకు ఎంతో అనువైన వస్తువు. ఎక్కడ తక్కువ గీసి ఉందో అక్కడే పిల్లవాడు ఎక్కువ చేర్చుకున్నాడు. గుర్తున్న విశాలమైన కోటలో చిత్రకారుడు గీసినది రెండు గోడలు, మిగిలినది ఆ పిల్లవాడి సొంత కట్టడం.

తక్కువ కదలికతో సాగిన కళలన్నీ పెద్దలను నిరాశపరచవని చెప్పడానికి తెలుగునాట తోలుబొమ్మలాట సాక్ష్యం. అనంతపురం ప్రాంతంలో ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కళాకారులు నేటికీ తయారుచేసే బొమ్మల్లో తల, భుజాలు, మోచేతులు విడివిడిగా కోసి దారంతో కలిపి ఉంటాయి. పెదవి కదలదు, ముఖంలో భావం మారదు. కాని పద్యం, పాట, మద్దెల, కేతిగాడు బంగారక్కల హాస్యం, దీపపు వెలుగు కలిసి రాత్రి పొడవునా ఊరినంతటినీ కూర్చోబెట్టగలిగాయి. అక్కడి పరిమితి ఎవరికీ దాచిపెట్టినది కాదు. తెర వెనుక మనిషి ఉన్నాడని తెలిసిన పెద్దలు, తెలియని పిల్లలు పక్కపక్కనే కూర్చుని చూసేవారు, పిల్లవాడు ఎదిగిన కొద్దీ అదే ఆటలో పద్యం విలువ, రామాయణ ఘట్టం లోతు కొత్తగా తెలిసేవి. టెలివిజన్ కార్టూన్‌లో ఎదిగినవారికి అట్టిపెట్టిన పొర ఒకటి చాలాసార్లు ఉండదు, ఎందుకంటే దాన్ని కొన్న వ్యాపారి దృష్టిలో చూసేవారి వయసు పన్నెండు దగ్గరే ఆగిపోయింది. నిరాశకు అసలు కారణం బొమ్మల తక్కువతనం కంటే ఈ పొర లేకపోవడమే.

నిరాశలో మరొక రకమూ ఉంది, అది మంచి చిత్రాల దగ్గరే ఎదురవుతుంది. టామ్ అండ్ జెర్రీలో ముఖం కనిపించకుండా కాళ్ళూ చేతులూ మాత్రమే కనబడే నల్లజాతి పనిమనిషి పాత్ర పిల్లలకు ఒక గొంతు, ఒక చీపురు మాత్రమే; పెద్దలకు అది 1940ల అమెరికా జాతి వివక్షకు చిత్రరూపం. ఆ మాయమైన ముఖాన్ని గుర్తించి కలవరపడడం ప్రేక్షకుడు పోగొట్టుకున్నదానికి గుర్తు కాదు, సంపాదించుకున్నదానికి గుర్తు. అలాగే 1961, 1962లలో జీన్ డైచ్ ప్రాగ్ నగరంలో తక్కువ డబ్బుతో దర్శకత్వం వహించిన 13 టామ్ అండ్ జెర్రీ చిత్రాలు ఎందుకు వింతగా ఉన్నాయో పిల్లలు చెప్పలేకపోయినా తేడాను పసిగట్టారు. పిల్లల కన్ను ఏదైనా ఒప్పుకుంటుందన్న నమ్మకం మీద నడిచిన వ్యాపారానికి వారి ఈ పసిగట్టే శక్తి ఒక జవాబు.

ఈ చరిత్ర చివరకు హైదరాబాద్ చేరింది. అమెరికా యానిమేషన్ కార్మికుల సంఘం బొమ్మల పని విదేశాలకు తరలిపోకూడదని 1979లోనూ 1982లోనూ సమ్మె చేసి రెండవసారి ఓడిపోయిన తర్వాత, ఆ పని తైవాన్, దక్షిణ కొరియాల వైపు మరింతగా వెళ్ళింది. తర్వాతి దశలో భారతదేశానికీ వచ్చింది. హైదరాబాద్ కేంద్రంగా ఎదిగిన డి.క్యు. ఎంటర్‌టైన్‌మెంట్ 2010లో ‘జంగిల్ బుక్’ను కంప్యూటర్ బొమ్మల ధారావాహికగా విదేశీ సంస్థలతో కలిసి నిర్మించింది. రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ రూపొందించిన ‘ఛోటా భీమ్’ 2008లో పోగో చానల్‌లో మొదలైంది. తెలుగు పిల్లలకు తమ భాషలోనే పూర్తి చానల్‌గా ఖుషీ టీవీ 2009లో వచ్చింది. నేటి టెలివిజన్ కార్టూన్లలో చాలావాటికి పాత్ర అవయవాలను కంప్యూటర్‌లో విడివిడిగా దాచి, కీళ్ళ దగ్గర కలిపి కదిలిస్తారు. నిమ్మలకుంట బొమ్మలోని దారపు కీలుకూ యోగీ బేర్ కాలరుకూ ఇది ఒకేసారి వారసురాలు.

బాల్యపు కార్టూన్ పెద్దయ్యాక చిన్నదిగా కనబడితే సిగ్గుపడవలసిన పని గానీ, దాన్ని మళ్ళీ చూసినందుకు పశ్చాత్తాపపడవలసిన పని గానీ లేదు. తెరను చూసి కలిగిన నిరాశ, ఆ తెర మీద లేనిదాన్ని సృష్టించిన బాల్యపు ఊహాశక్తికి దక్కవలసిన గౌరవమే. పనిలో పొదుపు చేయవలసి వచ్చిన చిత్రకారులకు, ఆ పొదుపును కప్పిపుచ్చిన గొంతులకు కూడా ఆ గౌరవంలో పాలు ఉంది. కనుక హైదరాబాద్ స్టూడియోలు తమ తొలి బొమ్మలను, తెలుగు డబ్బింగ్ ప్రతులను, గీసినవారి పేర్లను, గొంతు ఇచ్చినవారి పేర్లను ఇప్పుడే భద్రపరచడం అవసరం. 2008లో ఐదేళ్ళ వయసులో ‘ఛోటా భీమ్’ చూసిన పిల్లలకు నేడు ఇరవై దాటాయి. వారు ఆ బొమ్మల దగ్గరికి తిరిగి వచ్చే కాలం మొదలైంది.